స్టాకు లెక్క తప్పితే స్టోర్ కీపర్‌నే ఎందుకు అడుగుతాం?

మార్చి ఆఖరి వారం వచ్చిందంటే హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ఫ్యాక్టరీ షెడ్లలో ఏడాది స్టాకు లెక్కింపుకు ఒకటే హడావుడి. మిషన్లు ఆపేసి, చాక్‌పీసులు, టేపులు, అట్టముక్కల ట్యాగులు పట్టుకుని మనుషులు ర్యాకుల మధ్య తిరుగుతుంటారు. ఏప్రిల్ మొదటి వారానికి తేడాల జాబితా తయారవుతుంది. ఆ కాగితం చేతికి రాగానే ఓనరు కేకేసేది స్టోర్ కీపర్‌నే. "ఇరవై కిలోల రాడ్డు తక్కువొచ్చింది, ఏడ పోయింది?" అంటాడు. ఆ పక్క ర్యాకులోనే మూడేళ్లుగా కదలకుండా తుప్పు పట్టిన నాలుగు లక్షల రూపాయల ఫోర్జింగులు, అంటే కాల్చి సాగగొట్టి తెచ్చిన ఉక్కు ముక్కలు, ఉంటాయి. అవి పుస్తకంతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి గనక వాటి సంగతి ఎవరూ ఎత్తరు.

ఇరవై కిలోలకు పంచాయితీ పెట్టి నాలుగు లక్షలను వదిలేసే ఈ పద్ధతి మీదే నా పేచీ. ఫ్యాక్టరీల్లో స్టాకు తేడాలు చాలావరకు పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పడిన రోజే పుడతాయి, స్టోర్సులో బయటపడతాయంతే. లెక్కింపు రోజున మనం "ఎంత ఉంది?" అని అడిగి ఊరుకుంటున్నాం. "ఎందుకుంది?" అని కూడా అడిగితే, జవాబు చెప్పాల్సినవాళ్లు స్టోర్సులో కాదు, మెట్లెక్కి పైకెళ్తే ఏసీ గదిలో కనిపిస్తారు.

బ్యాంకు లేని ఖాతా

అంకెలు తేలిగ్గా ఉండేలా ఒక మెషినింగ్ యూనిట్‌ని ఊహించుకుందాం. ఏడాదికి 12 కోట్ల టర్నోవరు, 60 లక్షల లాభం, మార్చి 31న 3 కోట్ల స్టాకు. ఆ స్టాకు లెక్క పది శాతం అటూ ఇటూ అయితే 30 లక్షలు. అంటే సగం లాభం అటో ఇటో పోయినట్టే. అమ్మకాలను దాచాలంటే ఇన్వాయిసు, ఈ-వే బిల్లు, కొన్నవాడి జీఎస్టీ రిటర్ను, అన్నీ అడ్డొస్తాయి. స్టాకును పెంచాలన్నా తగ్గించాలన్నా ఒక ఎక్సెల్ షీటు, పది నిమిషాలు చాలు. బ్యాంకుకు ఒక స్టాకు, ఇన్‌కమ్ ట్యాక్సుకు ఒక స్టాకు చూపించే అలవాటు అలా పాతుకుపోయింది. కంపెనీ ఆడిటర్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే ప్రభుత్వ ఆదేశం, 2021-22 నుంచి అమల్లోకి వచ్చిన కారో 2020, దీనికి కొంత కళ్లెం వేసింది. ఆ ఆదేశం వర్తించే కంపెనీకి నిల్వలు, బాకీల పూచీ మీద 5 కోట్లకు మించి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉంటే, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాసి తీరాలి. చిన్న ప్రైవేటు కంపెనీలకు, పార్ట్‌నర్‌షిప్పులకు ఇది తగలదు. మన షెడ్లలో సగం వాళ్లే.

మన ఊళ్లో ఆడిట్ అనగానే సత్యం కంప్యూటర్స్ కుంభకోణం గుర్తొస్తుంది. చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. అయినా బ్యాంకు నిల్వను పట్టుకోవడానికి దారి ఉంది. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవచ్చు. ర్యాకులో ఉన్న రాడ్డుకు అలాంటి బ్యాంకు లేదు. ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే. అమెరికాలో 1938లో బయటపడిన మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ మోసంలో లేని మందుల నిల్వలను ఉన్నట్టు చూపించారు, ఆడిటర్లు గోడౌన్ మొహం చూడలేదు. స్టాకు లెక్కింపుకు ఆడిటర్ స్వయంగా హాజరుకావాలనే పద్ధతి ఆ తర్వాతే గట్టిపడింది. మన దగ్గర ఆ పని ఎస్ఏ 501 అనే ఆడిటింగ్ ప్రమాణం చెబుతుంది.

హాజరు కావడం వరకూ బాగానే ఉంది. కానీ ఆడిటర్ చూసేది సరుకు ఉందా లేదా అని. అది ఉండాల్సిన సరుకేనా అన్న ప్రశ్న ఆయన ఫైల్లో రెండో వరసలో ఉంటుంది, అదీ విలువ కట్టే దగ్గరే. ఏఎస్ 2 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం కొన్న ధర, అమ్మితే నికరంగా వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే రాయాలి. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెతను అకౌంటింగ్ భాషలో రాస్తే ఇదే వస్తుంది. అయితే మూడేళ్ల నాటి ఫోర్జింగుకు అమ్మకం ధర ఎంతని అడిగితే, "ఆర్డర్ వస్తుంది సార్, కస్టమర్ మాట్లాడిండు" అంటారు. ఆ ఏడాదికి అది అలాగే ఉండిపోతుంది.

అగ్గువకు వచ్చింది కదా అని

"మూడు శాతం తగ్గిస్తా, ఆరు నెలల సరుకు ఒకేసారి ఎత్తుకో." రాణిగంజ్‌లోనో, ఫోన్లోనో పర్చేజ్ వాళ్లకు రోజూ వినిపించే మాటే ఇది. నెలకు లక్ష రూపాయల వాడకం ఉన్న ఐటమ్ అనుకోండి. ఆరు లక్షల మీద 18,000 ఆదా. నెలవారీ మీటింగులో ఆ 18,000 ఒక స్లైడు మీద కనిపిస్తుంది, చప్పట్లు కూడా పడొచ్చు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నెలనెలా కొంటే సగటు నిల్వ అర లక్ష. ఆరు నెలలది ఒకేసారి కొంటే సగటున మూడు లక్షలు. అదనంగా ఇరుక్కున్నది రెండున్నర లక్షలు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ (సీసీ) అప్పు వడ్డీ 11 శాతం అనుకుంటే ఆరు నెలలకు 13,750. చోటు, ఇన్సూరెన్సు, తుప్పు, ఎత్తి దించే ఖర్చు కలిపి ఏడాదికి నాలుగు శాతం వేసినా ఇంకో 5,000. మొత్తం 18,750. ఆదా అయిన డబ్బు మీద 750 ఎదురిచ్చాం.

దెబ్బ ఇక్కడితో ఆగితే ఫరవాలేదు. బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే స్టాకును చూసి ఎంతవరకు డబ్బు వాడుకోనిస్తుందో ఆ హద్దు, లెక్క కట్టేటప్పుడు, శాంక్షన్ లెటర్లో సాధారణంగా ఉండే షరతు ప్రకారం, 90 రోజులు దాటిన స్టాకును తీసేస్తుంది. మూడు నెలలయ్యేసరికి ఆ లాట్‌లో ఇంకా మూడు లక్షల సరుకు మిగిలే ఉంటుంది. 25 శాతం మార్జిన్ పోగా దాని మీద వచ్చే 2.25 లక్షల డ్రాయింగ్ పవర్ నాలుగో నెలలో మాయమవుతుంది. సరుకు ర్యాకులోనే ఉంది, బ్యాంకు దృష్టిలో లేదు. ఇలాంటి ఐటమ్స్ ఇరవై ఉంటే జీతాల రోజున ఎందుకు కటకటగా ఉందో వేరే చెప్పాలా? ఇక ఐదో నెలలో కస్టమర్ డ్రాయింగ్ మార్చాడంటే మిగిలిన రెండు నెలల సరుకు ఆ మూలకు చేరుతుంది, మూడేళ్ల ఫోర్జింగుల పక్కన.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది, దాన్ని దాటవేయలేను. 2020 చివరి నుంచి 2021 అంతా ఉక్కు ధరలు ఎగబాకినప్పుడు, ముందే కొని పెట్టుకున్నవాళ్లు బాగుపడ్డారు. నెలనెలా కొనుక్కుందామన్న "క్రమశిక్షణ" పాటించినవాళ్లు పాత రేటుకు ఒప్పుకున్న ఆర్డర్లు చేయలేక నలిగిపోయారు. నిజమే. అయితే 2022 మే నెలలో కేంద్రం చాలా ఉక్కు ఉత్పత్తుల ఎగుమతిపై 15 శాతం సుంకం వేయగానే ధరలు దిగాయి. ముందు ఏడాది గెలిచిన ధైర్యంతో గోడౌన్ నింపుకున్నవాళ్లు అప్పుడు ఇరుక్కున్నారు. నవంబరులో సుంకం ఎత్తేశారు గానీ, మధ్యలో వచ్చిన సెప్టెంబరు త్రైమాసికం స్టేట్‌మెంట్‌లో స్టాకును ఏ ధరకు రాయాలన్న తలనొప్పి తప్పలేదు. ధర మీద పందెం కాయడం తప్పని నేననను. కాసేటప్పుడు అది పందెమని ఒప్పుకోవాలి, ఓనరు పేరు మీద, ఇంత మొత్తానికి మించకుండా కాయాలి. అది పర్చేజ్ అసిస్టెంట్ చేసిన "సేవింగ్" పేరుతో లోపలికి రాకూడదు.

కిలోల్లో కొని, ముక్కల్లో వాడి

దొంగతనం అని మనం పేరు పెట్టే తేడాల్లో కొన్ని ఒట్టి భౌతికశాస్త్రం.

రౌండు రాడ్డు బరువు మీటరుకు ఎంతో తెలియాలంటే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తాం. 50 ఎంఎం రాడ్డు మీటరుకు 15.43 కిలోలు. మిల్లు నుంచి అది 51 వచ్చిందనుకోండి, 16.06 కిలోలు. నాలుగు శాతం ఎక్కువ. ముక్క 120 ఎంఎం, కోత 3 ఎంఎం అనుకుంటే, చివరి తుండ్లను పక్కన పెట్టినా, టన్నుకు 526 ముక్కలు రావాల్సిన చోట 506 వస్తాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ముక్కకు 1.9 కిలోల చొప్పున లెక్క తీసేసి, ఇంకా 40 కిలోలు స్టోర్సులో ఉన్నాయని చూపిస్తుంది. ఉండవు. కాంటా దగ్గర బరువు సరిగ్గానే ఉంది, స్టోర్ కీపర్ నిజమే చెప్పాడు, కోసినవాడు సరిగ్గానే కోశాడు. తప్పు ఎక్కడుంది? పర్చేజ్ ఆర్డర్‌లో "50 ఎంఎం రాడ్డు, 1 టన్ను" అని రాసి, వ్యాసంలో ఎంతవరకు తేడా ఒప్పుకుంటామో రాయకపోవడంలో ఉంది. సరుకు దిగేటప్పుడు బరువుతోపాటు ఒక వెర్నియర్ కొలత, రాడ్ల సంఖ్య, పొడవు రాసుకుంటే పదిహేను నిమిషాల పని. ఆ 40 కిలోలు ఆ రోజే తేలిపోతాయి, అవసరమైతే సప్లయర్‌కు డెబిట్ నోటు పోతుంది. మార్చి దాకా ఆగితే ఇంకొకడి మీద నింద పోతుంది.

బొల్లారం, పాశమైలారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో ఇదే కథ వేరే వేషంలో ఉంటుంది. టోలీన్ అనే సాల్వెంటు (కరిగించే ద్రవం) ట్యాంకర్ బరువు లెక్కన దిగుతుంది. ట్యాంకులో ఎంతుందో డిప్ పెట్టి, అంటే కొలత కర్ర ముంచి, లీటర్లలో చూస్తారు. లీటర్లను కిలోలు చేయడానికి 0.867 అనే ఒకే సాంద్రతను ఏడాది పొడవునా వాడతారు. అది 20 డిగ్రీల దగ్గరి అంకె. ఎండలో ట్యాంకు 40 డిగ్రీలకు చేరితే 0.848 దగ్గర ఉంటుంది. 10,000 లీటర్లకు 8,670 కిలోలని రాసుకుంటాం, నిజంగా ఉన్నది దాదాపు 190 కిలోలు తక్కువ. మార్చి చివర మధ్యాహ్నం పూట డిప్ పెడితే, ఏడాదంతా ఆవిరైపోయిన సాల్వెంటును ఈ ఎండ కప్పేస్తుంది. లెక్క సరిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. జులై వానల్లో మళ్లీ డిప్ పెట్టినప్పుడు "షార్టేజ్" బయటికొస్తుంది. డిప్‌తోపాటు ఉష్ణోగ్రత రాసుకుని పట్టిక చూస్తే చాలు. ఇంత చిన్న పనికి ఫారంలో గడి ఉండదు.

అదే ఫ్యాక్టరీలో ఇంకో లెక్క. 98 శాతం అస్సే (అసలు పదార్థం పాలు) ఉన్న ముడిసరుకు కిలో 1,000. ఇంకొకడు 94 శాతం ఉన్నదాన్ని 980కి ఇస్తానంటాడు. పర్చేజ్‌కు రెండు శాతం ఆదా. నిజంగా పనికొచ్చే పదార్థం కిలోకు మొదటిది 1,020 పడితే రెండోది 1,043 పడుతుంది. బ్యాచ్‌కు ఎక్కువ సరుకు వేయాలి, మిగిలిన ఆరు శాతం మలినాలను కడగడానికి సాల్వెంటు, గంటలు అదనం. స్టోర్సు ఇష్యూ ఫార్ములా ప్రకారం జరిగితే దిగుబడి తగ్గి ప్రొడక్షన్ వాళ్లు తిట్లు తింటారు. అస్సే సర్ది ఇస్తే వాడకం పెరిగి స్టోర్సు వాళ్లు తింటారు. పర్చేజ్ స్లైడు మాత్రం పచ్చగానే ఉంటుంది.

ఉద్దెర లెక్క మారింది

చిన్న సప్లయర్ డబ్బును మూడు నాలుగు నెలలు ఆపి తిప్పుకోవడం మన దగ్గర కొనుగోలు పద్ధతిలో భాగమే. వడ్డీ లేని అప్పు అనుకునేవాళ్లు. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 43బీ(హెచ్) ఆ లెక్కను మార్చింది. తయారీ చేసే సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, అదీ 45 రోజులకు మించకుండా, కట్టాలి. గడువు దాటి మార్చి 31కి బాకీ ఉన్న మొత్తం ఆ ఏడాది ఖర్చుగా చెల్లదు, కట్టిన ఏడాదే చెల్లుతుంది. 20 లక్షలు అలా మిగిలిపోతే, 25.168 శాతం పన్ను కట్టే కంపెనీ ఐదు లక్షలు ముందుగా చెల్లించాలి. చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ వేరే ఉంది గానీ, దాన్ని అడిగే ధైర్యం ఎంతమంది సప్లయర్లకు ఉంటుంది? 2025 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థ హద్దు 100 కోట్ల టర్నోవరుకు పెరిగింది గనక ఈ గడువు పరిధిలోకి వచ్చే సప్లయర్ల జాబితా ఇంకా పొడుగైంది. ట్రేడర్లకు ఇది వర్తించదు. అందుకని తయారీదారుణ్ని వదిలి ట్రేడర్ దగ్గర కొనే తెలివితేటలు కూడా మొదలయ్యాయి, రెండు మూడు శాతం పిరమైనా సరే.

ఈ పన్ను సంగతికి స్టాకు లెక్కింపుతో చుట్టరికం ఏమిటంటే, మార్చి చివర్లో పాత బిల్లులను "రిజెక్షన్" పేరుతో డెబిట్ నోటు వేసి తిప్పి పంపినట్టు చూపించి, ఏప్రిల్‌లో కొత్త బిల్లు తెప్పించే పద్ధతి. సరుకు షెడ్డులోనే ఉంటుంది, బిల్లు ఉండదు. అదే సరుకు మార్చి 31 ట్యాగుల్లోకి ఎక్కితే ఖర్చు లేకుండా స్టాకు పెరిగి లాభం ఉబ్బుతుంది. పన్ను తప్పించుకోబోయి అదే పన్ను ఇంకో దారిన కట్టినట్టు. కావాలని చేసినవాళ్లు ఈ గొయ్యిలో పడితే నాకేం బాధ లేదు. నిజంగానే రిజెక్టయి, వెనక్కి పోవాల్సిన సరుకు విషయంలోనూ ఇదే జరుగుతుంది, అదీ ఇబ్బంది. లెక్కింపు మొదలయ్యేముందు ఆఖరి జీఆర్‌ఎన్ (సరుకు అందిన రసీదు) నంబరు, ఆఖరి ఇష్యూ స్లిప్పు, ఆఖరి డెలివరీ చలాన్, ఆఖరి డెబిట్ నోటు, ఈ నాలుగూ రాసి సంతకాలు చేయించుకోని లెక్కింపును నేను లెక్కింపు అనను.

బాలానగర్ యూనిట్లకు ఇంకొకటి. ప్రభుత్వ రంగ సంస్థల నుంచి జాబ్‌వర్క్ తీసుకునేచోట కస్టమర్ ఇచ్చిన ఉచిత మెటీరియల్ ర్యాకుల్లో ఉంటుంది. కిలో రేటు చూస్తే మన సొంత సరుకు కంటే ఎన్నో రెట్లు. దానికి వేరే రంగు ట్యాగు లేకపోతే పరాయి సొమ్ము మన బ్యాలెన్స్ షీటుకెక్కుతుంది. దీనికి తిరగేసి, మనం ప్లేటింగుకో హీట్ ట్రీట్‌మెంటుకో బయటికి పంపిన సరుకు మనదే అయినా కంటికి కనబడదు. జీఎస్టీలో జాబ్‌వర్క్ సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్క. కాబట్టి పాత చలాన్లను వెతకడం రెండు విధాలా మంచిది.

ఆర్డర్‌కు ముందు ఒక చీటీ

మరి ఏం చేయాలి? ఏటా ఒకసారి ఫ్యాక్టరీ ఆపి లెక్కపెట్టడం చట్టం కోసం ఎలాగూ చేస్తాం. దానికి తోడు నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఏ ఐటమ్‌కైనా పర్చేజ్ ఆర్డర్ పెట్టేముందు ఆ ఒక్క ఐటమ్‌ను లెక్కపెట్టి చీటీ జత చేయాలి. ఆర్డర్ పెట్టే వేళకు నిల్వ అడుగంటి ఉంటుంది, లెక్క ఐదు నిమిషాల పని. చీటీ మీద కంప్యూటర్ అంకె ముందే రాసి ఇవ్వకూడదు, ఇస్తే అదే అంకె తిరిగొస్తుంది. తేడా ఉంటే కారణం ఇంకా తాజాగా ఉంటుంది, ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో మనుషులకు గుర్తుంటుంది. ఆర్డర్ పరిమాణం కూడా అక్కడికక్కడే సరిపడుతుంది. సరుకు రాకముందే ఇష్యూ ఎంట్రీలు కొట్టడం వల్ల ట్యాలీలో పుట్టే మైనస్ స్టాకు ఈ చీటీతో మొదటి నెలలోనే పట్టుబడుతుంది.

తేడాలను కూడేటప్పుడు ప్లస్సులు, మైనస్సులు కొట్టేయొద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 316 గ్రేడు రెండు లక్షలు తక్కువ, 304 లక్షా తొంభై వేలు ఎక్కువ అయితే నికర తేడా పదివేలే. దాని అర్థం మాత్రం ఒక గ్రేడు బదులు ఇంకో గ్రేడు కస్టమర్‌కు వెళ్లిందని కావచ్చు. అది పదివేల సమస్య కాదు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద కన్నం ఉందని నాకు తెలుసు. మళ్లీ ఎప్పుడూ ఆర్డర్ పెట్టని సరుకు ఈ వలలో పడదు. మొదట్లో చెప్పిన ఫోర్జింగులు సరిగ్గా ఆ రకమే. వాటికి వేరే జాబితా కావాలి. ఆరు నెలలుగా కదలనివన్నీ మూడు నెలలకోసారి, రూపాయల్లో, పెద్దది పైన. వదిలించుకోవడానికి ఓనర్లు ఎందుకు వెనకాడతారో కూడా అర్థమవుతుంది. పుస్తకాల్లోంచి కొట్టేస్తే జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) కింద, కొన్నప్పుడు వాడుకున్న జీఎస్టీ క్రెడిట్ తిరిగి కట్టాలి. ఐదు లక్షల సరుకు కొట్టేస్తే 18 శాతం చొప్పున ఇంకో 90 వేలు. స్క్రాప్‌గానైనా సరే బిల్లు మీద అమ్మేస్తే ఆ బాధ తప్పి కొంత చేతికొస్తుంది. చాలామంది రెండూ చేయరు, దుమ్ము దులిపి మళ్లీ ట్యాగు కడతారు.

స్టోర్ కీపర్లంతా మచ్చలేనివాళ్లని నేననడం లేదు. లేత్ తురుము, చివరి తుండ్లు నగదుకు గేటు దాటిన షెడ్లు ఉన్నాయి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఫార్ములాలో తరుగు ఎనిమిది శాతం అని రాసుకుని, నిజంగా పద్నాలుగు పోతుంటే, మధ్యలో ఆరు శాతం ఎవరు తీసుకెళ్లినా కనబడదు. తురుమును కూడా కాంటా వేసి ఇష్యూతో పోల్చినప్పుడే దొంగ ఎవరో, తరుగు ఎంతో విడివిడిగా తేలేది. ఆ కాంటా వేయించే అధికారం స్టోర్ కీపర్‌కు ఇచ్చారా?

ఇంతా చెప్పి, నా వాదన నీరసపడే చోటు కూడా చెప్పాలి. పెద్ద కంపెనీల్లో పర్చేజ్, స్టోర్సు, అకౌంట్సు వేరు వేరు. అక్కడ కదలని సరుకు జాబితాలో "ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు" అని ఒక గడి పెడితే పని జరుగుతుంది. ముప్పై మంది పనిచేసే షెడ్డులో కొనేది ఓనరే, రేటు మాట్లాడేది ఓనరే, ఆరు నెలల సరుకు ఒకేసారి దించమన్నదీ ఆయనే. అక్కడ ఆ గడి పెడితే స్టోర్ కీపర్ వంద ఐటమ్స్‌కు ఎదురుగా ఒకే మాట వంద సార్లు రాస్తాడు: "సార్ చెప్పిండు."